అగడ్త తవ్విందెవరు?

ఇంగ్లండ్‌లో సఫోక్ జిల్లాలో మేముండే ఊరి అంచున కొత్త ఇళ్ళు కట్టినప్పుడు, మధ్యలో ఉన్న ఒక పాత అగడ్తని అలాగే వదిలేశారు. చట్టం కింద రక్షణ ఉన్న స్థలం, ముట్టుకోవడానికి వీల్లేదు. చుట్టూ చెక్క కంచె వేసి, రెండు బెంచీలు పెట్టి, ఒక బోర్డు నిలబెట్టారు. బోర్డు మీద రంగుల బొమ్మ. వంతెన మీద గుర్రమెక్కిన దొర, పక్కన దొరసాని, వెనక గడ్డి కప్పిన పెద్ద ఇల్లు, నీళ్ళలో బాతులు. కింద నాలుగు ముక్కల్లో చరిత్ర: 13వ శతాబ్దంలో ఇక్కడి భూస్వామి తన హోదా చాటుకోవడానికి ఈ అగడ్త తవ్వాడు, దొంగల బెడద నుంచి కూడా కొంత రక్షణ దొరికి ఉండవచ్చు.

ఆ దొర పార పట్టి ఉండడు. పట్టినవాళ్ళు బొమ్మలో లేరు, రాతలోనూ లేరు. ఆ బోర్డు చదివిన దగ్గర్నుంచి ఈ సంగతి నా మనసులో నలుగుతూనే ఉంది. ఇంగ్లండ్‌లో ఇలాంటి అగడ్తలు దాదాపు 6,000 ఉన్నాయి. వాటిలో కోటల చుట్టూ ఉన్నవి చాలా కొద్ది. మిగతావన్నీ ఓ మోస్తరు ఆసాముల ఇళ్ళ చుట్టూ, చర్చి గురువుల బంగళాల చుట్టూ, ఒక్కోచోట ఉత్త తోటల చుట్టూ తవ్వినవి. ఎక్కువ భాగం 1250కీ 1350కీ మధ్య తవ్వారు. అంటే మూడు నాలుగు తరాల్లో వేలకి వేలు. ఇంత మట్టి పని అంత తక్కువ కాలంలో ఎలా జరిగిందన్నది నాకు అసలు ప్రశ్న. ఈ అగడ్తల గురించి దశాబ్దాలుగా నడుస్తున్న చర్చలో మాత్రం ఇది పక్కకి పోయిందని నా గట్టి అభిప్రాయం.

రక్షణా, హోదా?

ఆ చర్చ ఏమిటంటే, అగడ్త దేనికి తవ్వారు అని. ఒక వర్గం రక్షణ కోసం అంటుంది, ఇంకో వర్గం గొప్ప కోసం అంటుంది.

నాలాంటి వాళ్ళకి మొదట రక్షణే తడుతుంది. చిన్నప్పటి నుంచి మనం విన్న అగడ్త కోటది, అందులో మొసళ్ళు, అవతల శత్రువు. 1310లో మాలిక్ కాఫూర్ సైన్యం ఓరుగల్లు కోట అగడ్తని పూడ్చుకుంటూ గోడ మీదికొచ్చింది. సరిగ్గా అదే ఏడాది ఇక్కడ రెండో ఎడ్వర్డ్ రాజు తన కొలువులోని జాన్ డి మార్కెన్‌ఫీల్డ్‌కి ఇల్లు బురుజులతో కట్టుకోవడానికి అనుమతి పత్రం ఇచ్చాడు. యార్క్‌షైర్‌లో ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, చుట్టూ నీళ్ళూ ఉన్నాయి. ఓరుగల్లు అగడ్తకీ మార్కెన్‌ఫీల్డ్ అగడ్తకీ పోలిక అక్కడితో సరి. ఆ మామూలు ఇళ్ళ అగడ్తల్లో చాలావాటికి లోపల చెప్పుకోదగ్గ గోడే లేదు. కొన్నింటికి మూడు వైపులే నీళ్ళు. చాలావాటికి వంతెన బదులు నడుచుకుంటూ వెళ్ళే మట్టి దారి వదిలారు. కొన్ని పక్క పొలం కంటే పల్లంలో ఉన్నాయి, గట్టు మీద నిలబడితే ఇంట్లో ఎవరేం చేస్తున్నారో కనిపిస్తుంది. సైన్యాన్ని ఆపే సరంజామా కాదది.

అలాగని రక్షణ వాదం పనికిమాలినదేమీ కాదు. చరిత్రకారుడు కొలిన్ ప్లాట్ 2010లో దాన్ని మళ్ళీ గట్టిగా ముందుకి తెచ్చాడు. ఆ కాలంలో దోపిడీలు, దొమ్మీలు నిజంగానే ఎక్కువని, జనం భయపడ్డారని, ఆ భయాన్ని మనం తేలిగ్గా తీసేయకూడదని ఆయన వాదన. నాకది సబబుగానే అనిపిస్తుంది. ఎనిమిది మీటర్ల వెడల్పు నీళ్ళు సైన్యాన్ని ఆపలేకపోవచ్చు గానీ, రాత్రిపూట గొడ్లని తోలుకుపోయేవాణ్ణి ఆపుతాయి. చెక్క ఇల్లు, గడ్డి కప్పు ఉన్నవాడికి నిప్పంటుకుంటే పక్కనే నీళ్ళుంటాయి. శుక్రవారాలు మాంసం ముట్టని దేశంలో ఇంటి గుమ్మంలో చేపలుంటాయి. చిత్తడి నేలలో ఇంటి కింద మురుగు తీసేస్తుంది. ఒక్క పనికని తవ్వి ఉండరు.

ఇక హోదా వాదం. రెడింగ్ నుంచి వచ్చిన మా స్నేహితుణ్ణి ఒకసారి ఆ అగడ్త దగ్గరికి తీసుకెళ్ళాను. చుట్టూ ఒక రౌండు వేసి, "ఇందులో అర్థం కానిదేముంది? మా ఊళ్ళో పక్కవాడు రెండంతస్తులు వేస్తే మనం మూడు వెయ్యాలి. పై దొరకి అగడ్త ఉంది, కింద దొర కూడా తవ్వించుకున్నాడు. అంతే" అన్నాడు. ఇప్పుడు ఇక్కడి పండితుల్లో ఎక్కువమంది చెప్పేదీ దాదాపు ఇదే. రాజు దగ్గర బురుజులకి అనుమతి తెచ్చుకునే స్తోమత లేనివాడు, ఏ అనుమతీ అక్కర్లేని నీటి గుంట తవ్వించుకుని నేనూ పెద్దమనిషినే అనిపించుకున్నాడని.

ఒప్పుకుంటాను. కానీ ఈ రెండు వాదాలూ లోపల ఉన్న మనిషి మనసు గురించే మాట్లాడతాయి. అతనికి భయమా, ఆశా, డాబా అని. అగడ్త బయట, బురదలో నిలబడినవాడి సంగతి రెండిట్లోనూ లేదు.

అగడ్త నిజంగా ప్రాణాలు కాపాడిన కథ ఒకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. వార్విక్‌షైర్‌లో బాడెస్లీ క్లింటన్ అనే ఇల్లుంది. 1591లో ఆ ఇంట్లో, అప్పటికి దేశంలో నిషేధంలో ఉన్న కాథలిక్ గురువులు రహస్యంగా కలుసుకున్నారు. సోదా చేసేవాళ్ళు తెల్లవారుజామున వచ్చి పడ్డారు. గురువులు అగడ్త నీటి మట్టంలో ఉన్న పాత మురుగు తూములోకి దూరి, పాదాలు నీళ్ళలో పెట్టుకుని, దాదాపు నాలుగు గంటలు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. దొరకలేదు. ఆ తూము కట్టినవాడు ఈ మురుగు ఇలా అక్కరకొస్తుందని కలలో కూడా అనుకుని ఉండడు.

బంకమన్ను లెక్క

మా పెరటి కంచె గాలికి పడిపోతే, కొత్త స్తంభం కోసం గుంట నేనే తవ్వాను. మోకాలి లోతు చాలు. పైన ఒక జానెడు నల్లమట్టి, ఆ కింద మొదలైంది అసలు సంగతి. పసుపు, బూడిద రంగులు కలిసిన బంకమన్ను. మధ్యలో సుద్దరాళ్ళు, చెకుముకి రాళ్ళు. మంచు యుగంలో హిమానీనదం ఈడ్చుకొచ్చి వదిలేసిన నేల ఇది. పార దిగుతుంది గానీ పైకి రాదు, వచ్చినా మట్టి పారని వదలదు. ప్రతిసారీ చేత్తో గీకి వదిలించాల్సిందే. చెకుముకి రాయి తగిలితే మోచేయి దాకా జివ్వుమంటుంది. స్తంభం దొరకడం ఆలస్యమై గుంట అలాగే ఉండిపోయింది. రెండు వానలు పడ్డాయి. గుంట నిండింది. ఆ నీళ్ళు వారాల తరబడి ఇంకలేదు. సఫోక్, ఎసెక్స్, కేంబ్రిడ్జ్‌షైర్ వైపు అగడ్తలు గుంపులు గుంపులుగా ఎందుకున్నాయో ఆ గుంట చూస్తే తెలుస్తుంది. ఏరు మళ్ళించక్కర్లేదు, ఊట వెతకక్కర్లేదు. తవ్వితే చాలు, వానే నింపుతుంది.

తవ్వితే చాలు! అక్కడే లెక్క వేయాలనిపించింది. ఇది నా సొంత లెక్క, మామూలు కొలతలు తీసుకుని వేసింది. లోపలి దిబ్బ 50 మీటర్ల చదరం అనుకుందాం, అంటే అర ఎకరం పైచిలుకు. నాలుగు వైపులా కందకం పైన 8 మీటర్ల వెడల్పు, అడుగున 4, లోతు 2. చుట్టుకొలత నడిమధ్యన 232 మీటర్లు. మొత్తం మట్టి దాదాపు 2,800 ఘనపు మీటర్లు. తడి బంకమన్ను ఘనపు మీటరు రెండు టన్నుల దాకా తూగుతుంది కాబట్టి 5,500 టన్నుల పైమాటే.

అప్పటి పార చెక్కది. అంచుకి మాత్రం ఇనప పట్టీ. ఆ పారతో మనిషి రోజుకి రెండు ఘనపు మీటర్లు తవ్వి గట్టు మీదికి ఎత్తిపోస్తాడనుకుంటే, ఇది 1,400 మనిషి రోజుల పని. ఇరవై మంది దిగితే రెండు నెలల పైన. అదీ వాన పడకపోతే. గుంటలో నీళ్ళు చేరుతుంటే తోడుతూ తవ్వాలి. నా లెక్క సగానికి సగం తప్పినా అది చిన్న పని కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. 1300 ప్రాంతంలో మామూలు కూలీకి రోజుకి పెన్నీ, పెన్నీన్నర వచ్చేది. పెన్నీన్నర చొప్పున 1,400 రోజులకి 2,100 పెన్నీలు. పౌండుకి 240 పెన్నీలు కాబట్టి తొమ్మిది పౌండ్ల లోపే. అదే రోజుల్లో ఏడాదికి 20 పౌండ్ల భూమి ఆదాయం ఉన్నవాణ్ణి నైట్, అంటే గుర్రమెక్కి రాజు తరఫున పోరాడే యోధుడి హోదా తీసుకొమ్మని మొదటి ఎడ్వర్డ్ రాజు ఒత్తిడి చేశాడు. అంటే పెద్దమనుషుల్లో చిట్టచివరి మెట్టు మీద ఉన్నవాడు కూడా సగం ఏడాది ఆదాయం పెడితే 5,500 టన్నుల మట్టి కదిలించగలడు. నాకు దిమ్మ తిరిగింది ఇక్కడే. ఆ ఖర్చుకి దొర ఎంత డాబుగా కనిపించాడన్నది అందరూ చెబుతారు. ఆ ఖర్చు అంత తక్కువ ఎందుకన్నది అడగాలి.

తక్కువ ఎందుకంటే జనం ఎక్కువ, భూమి తక్కువ. 13వ శతాబ్దం చివరికి ఇంగ్లండ్ జనాభా అంతకు ముందెన్నడూ లేనంతగా పెరిగిపోయింది. రెండు మూడు ఎకరాల చెక్క మీద కుటుంబాలు బతికాయి. పెన్నీకి ఎవరు పిలిచినా వెళ్ళాల్సిందే. 1315 నుంచి 1317 దాకా వానలు ఆగక పంటలు కుళ్ళి మహా కరువొచ్చినప్పుడు పరిస్థితి ఇంకా దిగజారింది. బంకమన్ను దిబ్బల్లో ఎక్కువ భాగం ఇలా జనం కిక్కిరిసి, కూలి చవకైన కాలంలో లేచినవే.

వెట్టి అనవచ్చా?

కూలీ ఇచ్చి తవ్వించారని నేనెలా చెప్పగలను? కూలీ కూడా ఇవ్వకపోయి ఉండొచ్చు. దొర భూమి మీద కట్టుబడి ఉన్న రైతు, ఊరు వదిలి పోవడానికి కూడా అనుమతి కావలసినవాడు, వారానికి ఇన్ని రోజులని దొర పొలంలో ఊరికే పని చెయ్యాలి. మనకి తెలిసిన మాటలో చెప్పాలంటే వెట్టి. ఈ పోలిక దొరికిన మొదట్లో అగడ్తలన్నీ వెట్టి చాకిరీ గుర్తులని ఒక్క ముక్కలో తేల్చేద్దామనిపించింది. చదివే కొద్దీ అది అంత సులువుగా తేలే విషయం కాదని అర్థమైంది.

ఒకటి, ఆ వెట్టి ఎక్కువగా దున్నడం, కోత కొయ్యడం, గడ్డి మోయడం లాంటి పొలం పనులకి. చాలా చోట్ల దాన్ని అప్పటికే డబ్బు కిందకి మార్చేసుకున్నారు. కందకం పనికి నిపుణులైన తవ్వేవాళ్ళని విడిగా పెట్టుకుని, కొలతకి ఇంత అని లెక్కగట్టి డబ్బిచ్చినట్టు ఎస్టేటు పద్దుల్లో కనిపిస్తుంది. ఆ కొలత పేరు పెర్చ్, దాదాపు 5 మీటర్లు.

రెండోది నాకు ఇంకా ఇబ్బందిగా ఉన్న సంగతి. అగడ్తలు దట్టంగా ఉన్న సఫోక్‌లోనే స్వతంత్ర రైతులు కూడా ఎక్కువ. ఎవరికీ వెట్టి చెయ్యక్కర్లేనివాళ్ళు, ఎవరి చేతా చేయించుకునే అధికారం లేనివాళ్ళు. చిన్న అగడ్తల్లో కొన్ని వీళ్ళవే. అడవి కొట్టి పొలం చేసుకుని, ఊరికి దూరంగా ఇల్లు కట్టుకుని, తన కొడుకులతో, ఇద్దరు కూలీలతో నాలుగైదు ఎండాకాలాలు తవ్వుకున్నవాడు కూడా ఉండి ఉంటాడు. వాడి అగడ్త వాడి చెమటే. దాన్ని వెట్టి అనడం వాడికి చేసే అన్యాయం, డాబు అనడం కూడా అన్యాయమే. తన గొడ్లు, తన చేపలు, తన హద్దు. మా స్నేహితుడి మూడంతస్తుల మాట ఇలాంటివాడికి అతకదు.

అందుకే నా వాదనని ఇలా సరిచేసుకుంటున్నాను. అగడ్తని చూసి యజమాని హోదా ఎంతో చెప్పే ముందు, ఆ మట్టి వెట్టితో కదిలిందా, పెన్నీ కూలీతో కదిలిందా, ఇంటివాళ్ళ రెక్కల కష్టంతో కదిలిందా అని అడగాలి. ఒకే కొలత, ఒకే ఆకారం ఉన్న రెండు అగడ్తలు ఈ ప్రశ్నకి వేర్వేరు జవాబులు చెబుతాయి. బోర్డు మీద మాత్రం రెండింటికీ ఒకే దొర బొమ్మ.

ప్లేగు తర్వాత

1348–49లో ప్లేగు వచ్చింది. మూడో వంతు నుంచి సగం దాకా జనం పోయారు. మిగిలినవాళ్ళు కూలి పెంచమన్నారు. 1351లో పార్లమెంటు చట్టం చేసి పాత రేట్లకే పని చెయ్యాలంది. ఆ చట్టం కూలీని ఎంతో కాలం అదిమి పట్టలేకపోయింది. అగడ్తల తవ్వకం కూడా ఆ శతాబ్దం నడిమి నుంచే బాగా మందగించింది. ఈ రెండూ కాకతాళీయం అంటే నేను నమ్మలేను.

ఎదురువాదన ఉంది, అది బలమైనదే. కావలసినవాళ్ళంతా అప్పటికే తవ్వించేసుకున్నారు, ఇంకెవరు తవ్విస్తారు అని. ఊరికి ఒకటో రెండో పెద్ద ఇళ్ళు, అన్నింటికీ అగడ్తలున్నాయి, కథ అయిపోయింది. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు గానీ ఒక సంగతి చెబుతాను. ఫ్యాషన్ పోలేదు. 1482లో నార్ఫోక్‌లో ఎడ్మండ్ బెడింగ్‌ఫెల్డ్ అనుమతి తెచ్చుకుని ఆక్స్‌బర్గ్ హాల్ కట్టినప్పుడు చుట్టూ నీళ్ళుండేలానే కట్టాడు. సఫోక్‌లో హెల్మింగ్‌హామ్ హాల్ వంతెనలు 1510 నుంచి ప్రతి రాత్రీ ఎత్తుతారని ప్రతీతి. నీళ్ళ మధ్య ఇల్లంటే మోజు అలాగే ఉంది. తగ్గిందల్లా ఆ మోజు తీర్చుకోగల వాళ్ళ సంఖ్య. 20 పౌండ్ల ఆసామి పోటీలోంచి తప్పుకున్నాడు, మహా సంపన్నుడు మిగిలాడు.

1381లో రైతులు తిరగబడినప్పుడు ఎసెక్స్, సఫోక్‌లలో దొరల ఇళ్ళ మీద పడి కాగితాలు కుప్పపోసి తగలబెట్టారు. ఎవడు ఎన్ని రోజులు ఊరికే పని చెయ్యాలో రాసి ఉన్న చుట్టలవి. అగడ్తలు వాళ్ళని ఆపినట్టు లేదు.

పూడ్చినవాళ్ళు

తవ్వినవాళ్ళ పేర్లు లేవు గానీ పూడ్చినవాళ్ళు కొందరు ఇంకా బతికే ఉన్నారు. మా వీధిలో ఎనభై దాటిన పెద్దాయన ఒకరున్నారు, కుర్రతనంలో పొలం పనులు చేశారు. అగడ్త మాట ఎత్తితే, "దాని నాలుగో వైపు ఏమైందో తెలుసా? నేనే ట్రాక్టరుతో పూడ్చాను. పాత ఇటుకలు, ముళ్ళకంచె, విరిగిన నాగలి, అన్నీ అందులోనే ఉన్నాయి. పొలం చదును చేస్తే అప్పట్లో గ్రాంటు ఇచ్చేవాళ్ళు" అన్నారు. ఎన్నాళ్ళు పట్టిందని అడిగాను. "వారం కూడా పట్టలేదు" అన్నారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిండిగింజలు పెంచాలన్న ఊపులో ఇలా చాలా అగడ్తలు పోయాయి. నేను దానికి రైతులని తిట్టను. రేషన్ రోజులు చూసినవాళ్ళకి ముళ్ళపొదలు, దోమలు నిండిన గుంట కంటే గోధుమ ముఖ్యం. అయినా పూర్తిగా పోవు. పూడ్చిన మట్టి చుట్టూ ఉన్న మట్టిలా ఉండదు. 2018 ఎండాకాలం వానల్లేక పొలాలు మాడినప్పుడు, దేశమంతా పాత కందకాలు పైరులో పచ్చని గీతలై పైనుంచి కనిపించాయి. విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచిన మ్యాపులు ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మా ఊరి అగడ్త నాలుగో వైపు ఆ మ్యాపులో లేత నీడలా ఉంది. సర్వే మ్యాపుల్లో పాతకాలపు అక్షరాలతో రాసి ఉన్నవే కాకుండా, మ్యాపు కూడా మర్చిపోయినవి అలా బయటపడుతున్నాయి.

నీళ్ళున్నవాటిలో అడుగు బురద ఇంకా విలువైనది. గాలి తగలదు కాబట్టి చెక్క, తోలు, గింజలు, పుప్పొడి కుళ్ళకుండా ఉంటాయి. ఎండగట్టి బాగు చేస్తామని ఎవరైనా అంటే ఊళ్ళోవాళ్ళు వద్దనాలి. ఎండితే కొన్నేళ్ళలో అన్నీ పోతాయి.

తవ్వకాల గురించి కూడా ఒక ఫిర్యాదు ఉంది నాకు. ఎక్కువగా దిబ్బ మీద ఇంటి పునాదుల కోసమే తవ్వుతారు. కందకానికి అడ్డంగా ఒక సన్నని గాడి కొట్టి ఊరుకుంటారు. డబ్బు లేకపోవడం ఒక కారణం. కందకాన్ని అప్పుడప్పుడు పూడిక తీసేవాళ్ళు కాబట్టి మొట్టమొదటి పొర చాలా చోట్ల మిగలదన్నది ఇంకో కారణం, అది న్యాయమైనదే. కానీ మూలల్లో, మట్టి దారి కింద, గట్టు కింద ఆ మొదటి రోజుల మట్టి చెక్కుచెదరకుండా ఉండే అవకాశం ఉంది. గట్టు కింద పూడిపోయిన పాత నేలలో, అగడ్తకి ముందు అక్కడ పొలమో, ఇంకొకరి ఇల్లో ఉంటే ఆ జాడ కూడా దొరుకుతుంది.

పేర్లు దొరికే చోటు మాత్రం నేల కాదు, కాగితం. దొరలు తమ ఊళ్ళలో నడిపిన కోర్టుల రికార్డు చుట్టల్లో వెట్టికి రానివాళ్ళకి జరిమానాలు వేసిన పద్దులుంటాయి, పేర్లతో సహా. వచ్చి తవ్వినవాడి పేరు ఎవరూ రాయలేదు గానీ రానన్నవాడి పేరు రాశారు. 1381 మంటల్లో చాలా పోయినా, చాలా మిగిలాయి. ఏ ఊరి చుట్టలు ఎక్కడున్నాయో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ జాబితాలో వెతుక్కోవచ్చు. సఫోక్‌వి కొన్ని ఇప్స్‌విచ్‌లో 2020లో తెరిచిన ది హోల్డ్ భవనంలో ఉన్నాయి. అంతా లాటిన్, అదీ కుదించి రాసిన లాటిన్. చదవడం నేర్పే స్థానిక చరిత్ర బృందాలు చాలా జిల్లాల్లో ఉన్నాయి, కొత్తవాళ్ళని సంతోషంగా చేర్చుకుంటారు. ఇంగ్లండ్‌లో ఉంటున్న మన వాళ్ళలో ఇలాంటి పని మీద ఆసక్తి ఉన్నవాళ్ళుంటే నాకు రాయండి. మా ఊరి 1290ల పద్దులతో మొదలుపెడదామని నా ఆలోచన. కందకం అన్న మాట కనబడిన ప్రతి చోటా పక్కన ఎంత డబ్బు రాశారో, అసలు రాశారో లేదో చూడాలి.